హరితము, హరితతరము: సౌరవిద్యుత్ పాలిమరుల నిర్మాణ విధానములపై ఒక విమర్శ

విమర్శ యనగానే కావ్యనాటకాదులు స్ఫురించుట తెలుగువారికి అలవాటు. కాని పదము ప్రయోగింపబడిన ప్రతిచోటను విమర్శకు అధికారము కలదు. శాస్త్రగ్రంథమైనను, పత్రికలోని ప్రకటనయైనను, అందలి విశేషణము విశేష్యమునకు తగియున్నదా లేదా యని పరీక్షించుట భాషను చదివినవారి పనియే. ఇటీవలి రెండు మూడు దశాబ్దములలో శాస్త్రవాఙ్మయమున మిక్కిలి వేగముగా వ్యాపించిన విశేషణము “హరిత” యనునది. హరిత రసాయనము, హరిత విద్యుత్తు, హరిత ద్రావణి, హరిత భవనము - ఈ సమాసములకు అంతు కనబడదు. ఇది యే పదార్థమునకు చేర్పబడినను ఆ పదార్థమునకు పుణ్యస్నానము చేయించినట్లే యగుచున్నది. చేర్చినవారిని ఋజువు అడుగువారు అరుదు. సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు సంయుగ్మ పాలిమరులను “హరిత” పద్ధతులలో తయారుచేయుట యను విషయమును నిదర్శనముగా గ్రహించి, ఆ విశేషణమునకు గల అర్థమెంత, అర్హత యెంత యని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రాయచూరు సీమ

ఈ విచారమునకు రాయచూరు జిల్లా తగిన స్థానము. కృష్ణా తుంగభద్రల నడుమ వ్యాపించిన ఈ అంతర్వేదిలో తెలుగు, కన్నడము నేటికిని ఒకే అంగడిలో వినబడును. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు, హైదరాబాదు రాష్ట్రములోని రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. అందలి గద్వాల, అలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. ఎల్ల మారినను ఏరు మారలేదు. ఆ కృష్ణాతీరముననే శక్తినగరమున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసినది. 1985లో తొలి యూనిట్టుతో ఆరంభమై ఎనిమిది యూనిట్లతో 1720 మెగావాట్ల సామర్థ్యమునకు అది పెరిగినది. తరువాత యరమరసు వద్ద 800 మెగావాట్ల యూనిట్లు రెండు నిర్మింపబడినవి. సింగరేణి బొగ్గు ఇచ్చటికి రైళ్లలో వచ్చును. కాలిన బొగ్గు బూడిదయై ఇచ్చటనే నిలుచును. వెలుగు దూరపు నగరములకు పోవును. బూడిద పొరుగూళ్లకు మిగులును.

అదే జిల్లాలో యాపలదిన్ని గ్రామమున కర్ణాటక పవర్ కార్పొరేషన్‌వారి 3 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము కలదు. తెలంగాణ, రాయలసీమ వాడుకలో “యాప” యనగా వేప. “దిన్నె” యనగా మిట్టనేల. ఊరి పేరులోనే తెలుగు పలుకుచున్నది. 1720 మెగావాట్ల పొగగొట్టముల ఎదుట 3 మెగావాట్ల పలకలు చిన్నవి. అయినను ఆశ వానియందే యున్నది. వానిలో పొగ లేదు, బూడిద లేదు. ఇంతవరకు వివాదము లేదు. అయితే ఆ పలకలు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ఎచ్చటనో, ఏవో పదార్థములతో, ఏవో వ్యర్థములను మిగిల్చి తయారైనవి. మలినము ఒక ఊరి నుండి మరియొక ఊరికి తరలినచో దానిని శుద్ధి యనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేని పక్షమున “హరిత” శబ్దము అలంకారమాత్రమే యగును.

శబ్దవిచారము

సంస్కృతమున “హరిత” శబ్దము రంగును చెప్పును. తెలుగు “పచ్చ” దానికంటె విశాలమైనది. ఆకును పచ్చ యందుము, పసుపును పచ్చ యందుము. దాని చుట్టమగు “పచ్చి” మరింత లోతైనది. పండనిది పచ్చి, వండనిది పచ్చి, ఎండనిది పచ్చి. కన్నడమునను ఇట్టిదే జంట కలదు: “హసిరు” ఆకుపచ్చ, “హసి” పచ్చి. ఈ రెండు భాషలలోను ఆకుపచ్చదనమును, వంట తగులని స్థితియు ఒకే కుదురు మాటలతో చెప్పబడుట గమనింపదగినది. వస్తువు ప్రకృతినుండి మనుష్యుని చేతికి వచ్చునప్పటికి ఎన్ని మారులు ఉడికినది, ఎన్ని మారులు కడుగబడినది, ఎన్ని మారులు మారినది యను లెక్క ఆ “పచ్చి” శబ్దములో ఇమిడియున్నది.

ఆశ్చర్య మేమనగా, నేటి రసాయన శాస్త్రము “హరిత” మనుదానికి చెప్పు నిర్వచనము రంగుకంటె ఈ పచ్చిదనమునకే దగ్గర. పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1998లో హరిత రసాయనమునకు పండ్రెండు సూత్రములు ఏర్పరచిరి. వ్యర్థమును పుట్టిన పిదప శుద్ధిచేయుటకంటె పుట్టనీయకుండుట మేలనునది వానిలో మొదటిది. మూలపదార్థములోని పరమాణువులు వీలైనంతవరకు ఫలపదార్థములోనికి చేరవలెననియు, విషపదార్థములను వాడరాదనియు, ద్రావణుల వాడుక తగ్గవలెననియు, శక్తివ్యయము తగ్గవలెననియు, పని తీరిన పిదప పదార్థము నిరపాయముగా శిథిలము కావలెననియు తక్కిన సూత్రములలో కొన్ని చెప్పుచున్నవి. ఇది ఒక గుణము కాదు, పండ్రెండు గుణములు. ఒక్క విశేషణము పండ్రెండు గుణముల బరువును మోయుచున్నదని మొదట గ్రహింపవలెను.

పదార్థస్వరూపము

పాలిమరు అనగా చిన్న అణువులు పూసలవలె ఒకదానితో నొకటి చేరి ఏర్పడిన పొడవైన గొలుసు. ప్లాస్టిక్కు సంచి, నైలాను త్రాడు ఈ జాతివే. కాని అవి విద్యుత్తును ప్రవహింపనీయవు. సంయుగ్మ పాలిమరు గొలుసులో పరమాణువుల నడుమ ఏకబంధము, ద్విబంధము ఒకటి విడిచి ఒకటి వరుసగా వచ్చును. ఛందస్సు నెరిగినవారికి ఇది సుబోధము. పంచచామర వృత్తమున లఘువు, గురువు, లఘువు, గురువు అని పాదాంతమువరకు నడచునట్లే ఈ బంధముల నడక. క్రమము చెడనంతవరకు ఎలక్ట్రానులు గొలుసు వెంబడి సంచరింపగలవు; గొలుసు కంటికి కనబడు వెలుగును గ్రహింపగలదు. క్రమము చెడినచో ఆ గుణము సన్నగిల్లును.

1977లో హిదెకి షిరకావా, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు పాలిఎసిటిలీనను పాలిమరును అయోడిను మొదలగువానితో సంస్కరించి, విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయు పదార్థముగా మార్చిరి. 2000లో వారికి రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. కర్బన పదార్థములతో సౌరఘటమును కూర్చు యత్నములలో 1986లో సి. డబ్ల్యు. టాంగ్ రెండు పొరలతో నిర్మించినది ముఖ్యమైనది. పడిన వెలుగులో సుమారు ఒక శాతమును అది విద్యుత్తుగా మార్చినది. ఎలక్ట్రానుల నిచ్చునది దాత, పుచ్చుకొనునది గ్రహీత. ఈ దాతను గ్రహీతను వేరు పొరలుగా కాక, ఒకే పొరలో కలిపి అల్లు పద్ధతిని 1995లో హీగర్ బృందము ప్రకటించినది. 2019లో చైనా శాస్త్రజ్ఞులు “వై6” అను క్రొత్త గ్రహీతతో 15 శాతమును దాటిరి. ఇటీవల ప్రయోగశాలలలో ఈ సంఖ్య 19, 20 శాతముల దరికి చేరినది.

వీనియందలి ఆకర్షణ కారణము లేనిది కాదు. నేటి సౌరపలకలలో అత్యధిక భాగము సిలికానువి. సిలికాను 1414 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరుగదు. దానిని శుద్ధిచేయుటకు అపారమైన విద్యుత్తు కావలెను. పాలిమరునైతే తగిన ద్రావణిలో కరిగించి, సిరావలె చేసి, పలుచని రేకుపై ముద్రింపవచ్చును. రేకు తేలిక, వంగునది, చుట్టి మోయదగినది. ఇన్ని గుణములు గల పదార్థమును “హరిత” మనుటకు నాలుక త్వరపడుట సహజమే. ఆ త్వరయే పరీక్షకు అర్హము.

కూర్పులోని విషము

ఈ గొలుసులను కూర్చుటకు నేటికిని మిక్కిలి వాడుకలోనున్నది అమెరికా రసాయనికుడు జాన్ స్టిల్లే పేర వెలసిన పద్ధతి. ఒక పూసకు ఇరుకొనల తగరపు సమూహమును, రెండవ పూసకు ఇరుకొనల బ్రోమినును తగిలింతురు. పల్లాడియము ఉత్ప్రేరకముగా నుండగా, తగరము బ్రోమినుతో కలిసి తొలగిపోవును. పూసలు రెండును కలిసికొనును. పొడవైన గొలుసును, చెడని క్రమమును ఇచ్చుటలో ఈ పద్ధతి దిట్ట. దక్షతలో మేటి యనిపించుకొన్న పాలిమరులలో పెక్కు దీనివలననే పుట్టినవి.

కాని తొలగిపోయిన తగరము ఎచ్చటికి పోవును? అది సాధారణముగా ట్రైమిథైల్ తగరపు బ్రోమైడై మిగులును. ఆవిరిగా లేచునది, చర్మముగుండ చొచ్చునది, నరములకును మెదడునకును హాని చేయునది యగు విషము. లెక్క కష్టమైనది కాదు. గొలుసులో మరల మరల వచ్చు ప్రతి భాగమునకు రెండు బంధములు, రెండు బంధములకు రెండు తగరపు అణువులు. వాని భారము మోలునకు 487 గ్రాములు. ఆ భాగముయొక్క అణుభారము 1200 అనుకొన్నచో, కిలో పాలిమరునకు సుమారు 400 గ్రాముల తగరవిషము పుట్టును. 750 అనుకొన్నచో సుమారు 650 గ్రాములు పుట్టును. ఇది సమీకరణము చెప్పు కనిష్ఠ పరిమాణము. తగరపు పూసను తయారుచేయునపుడు పుట్టిన వ్యర్థము ఇందులో చేరలేదు.

ఈ దోషమును పోగొట్టుటకు వచ్చిన మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది జపాను శాస్త్రజ్ఞుడు అకిర సుజుకి పేరిట 1979 నుండి ప్రసిద్ధమైనది. దానికిగాను 2010లో ఆయన రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషిలతో కలిసి నోబెలు బహుమానమును పొందెను. ఇందు తగరమునకు మారుగా బోరాను వాడబడును. మిగులు పదార్థము తగరమంత విషము కాదు. కాని బోరానును పూసకు తగిలించుట వేరొక మెట్టు. గంధకము గల కొన్ని పూసలయందు ఆ బోరాను చర్య ముగియకముందే రాలిపోవును.

రెండవ మార్గము మరింత సాహసవంతమైనది. తగరమును వలదు, బోరానును వలదు. పూసకు సహజముగా నున్న హైడ్రోజనునే తొలగించి, అచ్చటనే ముడివేయవలెను. దీనికి ప్రత్యక్ష ఎరైలీకరణ మని పేరు. 2010లో జపానులో ఒజావా బృందము ఈ మార్గమున పొడవైన, చక్కని క్రమము గల పాలిమరును సాధించినది. కెనడాలో మారియో లెక్లెర్క్, అమెరికాలో బారీ థాంప్సన్ మొదలగువారు దీనిని పెంపొందించిరి. తొలగిపోవునది హైడ్రోజను బ్రోమైడు. చర్యలో నుంచిన క్షారము దానిని పట్టుకొని మామూలు లవణముగా మార్చును. విషము పోయినది, తగరమును తగిలించు మెట్టును పోయినది. తెలుగు మాటలో చెప్పవలెనన్న, ఇది “పచ్చి” పద్ధతి.

అయినను గుణముతోపాటు దోషమును చెప్పవలెను. పూసకు హైడ్రోజను ఒక్కచోటనే యుండదు. ఉత్ప్రేరకము తప్పుచోట ముడివేసినచో గొలుసునకు కొమ్మలు పుట్టును, క్రమము చెడును. ఇది గణభంగమువంటిది. ఒక గణము తప్పినంత మాత్రమున పద్యము పూర్తిగా నశింపకపోవచ్చునుగాని, నడక కుంటుపడుట నిజము. ఇచ్చట కుంటుపడునది విద్యుత్ప్రవాహము. మరియు ఈ చర్యకు తరచుగా వాడు డైమిథైల్ ఎసిటమైడను ద్రావణి గర్భస్థ శిశువునకు హాని చేయునదిగా గుర్తింపబడినది. తగరము ముంగిలి దాటి వెడలినది. మరియొక దోషము పెరటి త్రోవను వచ్చినది.

పల్లాడియముమాట యింకను మిగిలియున్నది. అరుదైన ఈ లోహము మూడు పద్ధతులలోను వాడబడుచున్నది. ఈ సందర్భమున హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీయందు బి. ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం మొదలగువారు చేసిన కృషి స్మరణీయము. పొరలు పొరలుగా నుండు హైడ్రాక్సైడు పదార్థముపై పల్లాడియము సూక్ష్మకణములను నిలిపి, హెక్, సుజుకి, సొనొగాషిరా, స్టిల్లే చర్యలకు వాడదగిన ఘన ఉత్ప్రేరకమును వారు 2002లో ప్రకటించిరి. పని ముగిసిన పిదప దానిని వడగట్టి మరల వాడవచ్చును. అది చిన్న అణువులకై రూపొందినది. గొలుసు పెరిగి చిక్కబడు పాలిమరునుండి ఘన ఉత్ప్రేరకమును వేరుచేయుట అంత సులభము కాదు. కాని పోగొట్టుకొనక మరల వాడుకొనుట యను బుద్ధి హరిత రసాయనమునకు మూలములలో నొకటి. ఆ బుద్ధి తెలుగుగడ్డపైనే ఫలించినదని విద్యార్థులకు చెప్పదగును.

ద్రావణి, మెట్లు, తూనిక

పాలిమరును సిరాగా మార్చుటకు క్లోరోబెంజీను, డైక్లోరోబెంజీను, క్లోరోఫారము చిరకాలముగా వాడుకలోనున్నవి. క్లోరిను గల ఈ ద్రావణులు శ్వాసకును కాలేయమునకును హాని చేయునవి. నేలలో చేరినచో త్వరగా వదలవు. వీనికి మారుగా జైలీను, ఎనిసోలు, 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యురాను మొదలగునవి పరీక్షింపబడినవి. థాంప్సన్ బృందము పాలిమరును కూర్చుటకే సైమీనను ద్రావణిని వాడిచూచినది. ఆ సైమీను వాము నూనెలోను జీలకర్ర నూనెలోను సహజముగా నుండును. వంటింటి వాసన గల ద్రావణిలో సౌరఘటపు పదార్థము పుట్టుట ముచ్చటైన విషయమే.

2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యురాను చరిత్ర రాయచూరువారికి మరింత దగ్గర. దానికి మూలము ఫర్‌ఫ్యురాలు. అది మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి, పత్తిగింజల పొట్టు, వరిపొట్టు వంటివానిలోని చక్కెరజాతి పదార్థమునుండి లభించును. వరికిని పత్తికిని పేరుపొందిన ఈ జిల్లాలో ఆ పొట్టునకు కొరత లేదు. కాని పొట్టునుండి పుట్టినదనుట ఒక్కటే చాలదు. పొట్టును ఆమ్లముతో ఉడికింపవలెను, ఆవిరిచే వేరుచేయవలెను, పిదప హైడ్రోజనుతో మార్చవలెను. ఆ ఆవిరి బొగ్గుపొయ్యి పైనే పుట్టినచో పొట్టుయొక్క పచ్చదనము కొంత పొగయై పోవును. పుట్టుక మంచిదగుట ఒక గుణము. పెంపకము మంచిదగుట వేరొక గుణము.

ఇక మెట్ల విషయము. మేటి దక్షత గల పాలిమరులలో కొన్ని పదికి మించిన మెట్లలో తయారగును. ప్రతి మెట్టునను కొంత పదార్థము నష్టమగును, కొంత ద్రావణి వ్యయమగును. 2018లో చైనాలో యోంగ్‌ఫాంగ్ లీ బృందము “పి.టి.క్యు.10” అను పాలిమరును ప్రకటించినది. చౌక పదార్థములతో రెండే మెట్లలో, 87.4 శాతము ఫలసాయముతో దానిని చేసిరి, దక్షత 12.7 శాతము. మెట్లు తగ్గించుటలో ఇది ఆదర్శము. కాని దాని చివరి కూర్పు స్టిల్లేవారి తగరపు పద్ధతియే! ఒక సూత్రమున ప్రథమశ్రేణి, వేరొక సూత్రమున పాతదోషము.

వీని నన్నింటిని ఒకే త్రాసున తూచుటకు రోజర్ షెల్డన్ 1992లో ఒక కొలతను ప్రతిపాదించెను: కిలో ఫలపదార్థమునకు ఎన్ని కిలోల వ్యర్థము? భారీ రసాయనములకు ఈ సంఖ్య 1 నుండి 5, సూక్ష్మ రసాయనములకు 5 నుండి 50, ఔషధములకు 25 నుండి 100, ఆపైన కూడ. రాయచూరు జిల్లావారికి ఈ కొలత వింత కాదు. లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గనిలో టన్ను రాతికి కొద్ది గ్రాముల బంగారమే లభించును. సయనైడు ద్రావణముతో బంగారమును తీసిన పిదప మిగిలిన రాతిపొడి గుట్టలై నిలుచును. నగను చూచువారికి గుట్ట కనబడదు. ప్రయోగశాలలో గ్రాము పాలిమరును శుద్ధిచేయుటకు మిథనాలు, ఎసిటోను, హెక్సేను, క్లోరోఫారము వరుసగా వందల మిల్లీలీటర్లు వ్యయమగును. పలకను చూచువారికి ఆ సీసాలును కనబడవు.

లక్షణపరీక్ష

తర్కశాస్త్రమున లక్షణమునకు మూడు దోషములు చెప్పబడినవి: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము. “హరిత” శబ్దమునకు వ్యవహారములో నున్న అర్థములను ఈ మూడింటితో పరీక్షింపవచ్చును.

తగరము లేనిది హరిత మనినచో, తగరము లేక హానికరమైన ద్రావణిలో జరిగిన చర్యయు హరితమే యగును. ఇది అతివ్యాప్తి. సస్యమూలమునుండి పుట్టిన ద్రావణి వాడినదే హరిత మనినచో, మెట్లు తగ్గించి, విషమును తొలగించి, మామూలు జైలీనులో ముద్రించిన పద్ధతికి ఆ పేరు దక్కదు. ఇది అవ్యాప్తి. పండ్రెండు సూత్రములను సంపూర్ణముగా పాటించినదే హరిత మనినచో, అట్టి పద్ధతి లోకమున ఒక్కటియు లేదు. ఇది అసంభవము. కనుక “హరిత” మను శబ్దమును ఒక పద్ధతికి స్థిరగుణముగా అంటగట్టుట శాస్త్రరీత్యా నిలువదు.

ఒక ఆక్షేపణ

ఇంత చర్చ యెందుకు, పదార్థము అతిస్వల్పము కదా యని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు, లెక్కకట్టి చూడదగినది. సౌరఘటములో వెలుగును గ్రహించు పొర మందము సుమారు 100 నానోమీటర్లు. మీటరులో కోటి వంతు. ఘన సెంటీమీటరునకు 1.2 గ్రాముల సాంద్రతను గ్రహించినచో చదరపు మీటరునకు 0.12 గ్రాము పదార్థము చాలును. యాపలదిన్ని కేంద్రమంత, అనగా 3 మెగావాట్లు, పది శాతము దక్షత గల పాలిమరు రేకులతో నిర్మింపవలెనన్న 30,000 చదరపు మీటర్ల రేకు, సుమారు 3.6 కిలోల పదార్థము కావలెను. మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాముల సిరా యనుకొన్న 180 లీటర్ల ద్రావణి. ఇంతలో కొంప మునుగునా యని అనిపించుట సహజము.

కాని శక్తినగరముయొక్క 1720 మెగావాట్లకు అదే లెక్క వేసినచో పదార్థము రెండు టన్నులు, ద్రావణి లక్ష లీటర్లు దాటును. సూర్యుడు రాత్రి వెలుగడు గనుక అంతే విద్యుత్తు పొందుటకు ఇంకను పెక్కురెట్లు రేకు కావలెను. అన్నింటికంటె ముఖ్యమైనది మన్నిక. సిలికాను పలక పాతికేండ్లు పనిచేయును. పాలిమరు రేకు వెలుగునకును గాలికిని తేమకును త్వరగా సడలును; రాయచూరు వేసవి వంటి ఎండలో ఆ పరీక్ష మరింత కఠినము. అయిదేండ్లకే మార్చవలసి వచ్చినచో పాతికేండ్లలో అయిదు మారులు అదే పదార్థము, అదే ద్రావణి, అదే వ్యర్థము. కాబట్టి దీర్ఘాయువు కూడ హరితగుణములలో లెక్కింపదగినదే. చక్కని పద్ధతిలో పుట్టి త్వరగా చచ్చు పదార్థముకంటె, కొంత మోటుగా పుట్టి దీర్ఘకాలము బ్రతుకు పదార్థము మేలు కావచ్చును.

స్వల్పమను మాటకు తెలుగువారి అనుభవము వేరొక సమాధానము చెప్పును. హైదరాబాదు ప్రక్కనున్న పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములందు పెరిగిన మందుల, రసాయనముల పరిశ్రమల వ్యర్థజలము నక్కవాగులోనికి, చెరువులలోనికి, బావులలోనికి చేరినది. మాత్ర ఒక్కటి చూచిన చిన్నదే. మందు రోగికి మేలు చేసినదనుట నిజము. వాగునకు కీడు చేసినదనుటయు నిజము. ఒక నిజము మరియొక నిజమును కప్పరాదు. దూరపు ఊరికి వెలుగు నిచ్చి పొరుగూరికి బూడిద నిచ్చిన బొగ్గువిద్యుత్తునకు మారుగా వచ్చునది, తన బూడిదను మరియొక వాగున దాచిపెట్టినచో, అది మార్పు కాదు, మాటు మాత్రమే.

తారతమ్యము

అయినచో “హరిత” శబ్దమును విడువవలెనా? విడువనక్కరలేదు, సవరింపవలెను. సంస్కృతమున రెంటిలో మేలైనదానికి “తర” ప్రత్యయమును, అనేకములలో మేలైనదానికి “తమ” ప్రత్యయమును చేర్తురు. ఆ రెండు ప్రత్యయముల కలయికనుండియే “తారతమ్యము” అను మాట పుట్టినది. రసాయన శాస్త్రమునకు ఇచ్చట కావలసినది ఈ తారతమ్యమే. స్టిల్లే పద్ధతికంటె ప్రత్యక్ష ఎరైలీకరణము విషవ్యర్థము విషయమున హరితతరము. పది మెట్ల పాలిమరుకంటె రెండు మెట్ల పాలిమరు పదార్థనష్టము విషయమున హరితతరము. క్లోరోబెంజీనుకంటె ఎనిసోలు ద్రావణి విషయమున హరితతరము. ఇట్లు చెప్పినపుడు దేనికంటె, ఏ విషయమున అను రెండు ప్రశ్నలకు సమాధానము వాక్యములోనే దొరకును. ఎంత యను మూడవ ప్రశ్నకు షెల్డన్ కొలత వంటి సంఖ్య సమాధానము. దేనికంటె, ఏ విషయమున, ఎంత - ఈ మూడును లేని “హరిత” శబ్దము స్తుతియే గాని శాస్త్రము కాదు.

విజ్ఞానమును తెలుగున చెప్పవలెనని 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల ఉద్దేశము పరభాషాపదములకు తెలుగుపేరు పెట్టుట మాత్రమే కాదు, తెలుగున ఆలోచించుట. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములు పారిభాషిక పదములకు స్థిరత్వము నిచ్చినవి. పదము స్థిరపడిన పిదప దాని ప్రయోగము శుద్ధముగా నుండునట్లు చూచుట తరువాతివారి బాధ్యత. రాయచూరు సరిహద్దు గ్రామముల తెలుగు బడులలో చదువు పిల్లలకు ఒకే భావము మూడు త్రోవల వచ్చును: పుస్తకములో హరిత, వీథిఫలకముపై హసిరు, వార్తలలో గ్రీన్. మూడింటిలో ఏ మాట విన్నను “దేనికంటె?” అని ఎదురు అడుగు బుద్ధి వారికి అలవడవలెను. ఇందు కేవలము వ్యాకరణ ప్రయోజనము కాదు, బ్రతుకు ప్రయోజనము కలదు. రేపు తమ ఊరి పొలిమేరలో ఒక కర్మాగారము హరితమను పేర వెలసినపుడు, అందు ఏ ద్రావణి వాడుదురు, మిగిలినది ఎచ్చట పోయుదురు, ఎన్నేండ్లు మన్నును అని అడుగగలవారు ఆ పిల్లలే కావలెను.

సంయుగ్మ పాలిమరులపై జరుగుచున్న కృషి చిన్నది కాదు. తగరమును తొలగించినవారు, మెట్లను తగ్గించినవారు, వాము వాసన గల ద్రావణిని వెదకినవారు అందరును ప్రశంసార్హులు. వారి కృషికి తగిన ప్రశంస, సాధించినది సాధించినంతవరకు చెప్పుట. యాపలదిన్నిలో వేప నీడ ఎంత పడునో అంతే నీడ యనవలెను; ఊరంతయు నీడయే యనినచో ఎండలో నిలిచినవానికి అన్యాయము జరుగును.